కాయిల్‌కు రెండు పూతలు



ఈ పూట నా ప్రసంగం సోల్డరింగ్ ఐరన్‌తో చెయ్యి కాల్చుకున్న అలవాటు ఉన్నవాళ్ళ కోసం. మెటల్ డిటెక్టర్ సొంతంగా తయారుచేసుకోవాలని మొదలుపెట్టేవాళ్ళకు సర్క్యూట్ గురించి చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు. కాయిల్‌కు ఎన్ని చుట్లు వేయాలో కూడా చెబుతారు. చుట్టడం అయ్యాక దాని మీద ఏం పూయాలి, ఏ వరసలో పూయాలి అన్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ "ఏదో టేపు చుట్టెయ్" అని ఊరుకుంటారు. ఇంట్లో బల్ల మీద చక్కగా పలికిన డిటెక్టర్ చేలోకి తీసుకెళ్తే పిచ్చిపట్టినట్టు అరవడానికి, చాలాసార్లు కారణం ఆ ఊరుకోవడమే.

వికారాబాద్, తాండూరు వైపు ఈ పరికరంతో ఎవరికి పని? సామిల్లు వాళ్ళకు ఉంది. ఊళ్ళో కొట్టేసిన పాత వేపమొద్దులోనో చింతమొద్దులోనో ఎవరో ఎప్పుడో దిగ్గొట్టిన మేకు ఉంటుంది, దానికి తగిలితే రంపం పళ్ళు పోతాయి. రైతులకు ఉంది. దున్నగా దున్నగా మట్టిలో పూడిపోయిన గేట్‌వాల్వ్ ఎక్కడుందో వెతకాలి. తాండూరు చుట్టూ సున్నపురాయి ఉంది కాబట్టి కరణ్‌కోట్‌లో సిమెంట్ కార్పొరేషన్ కర్మాగారం మొదలుకొని పెద్ద ఫ్యాక్టరీలు వచ్చాయి. సిమెంటు పరిశ్రమలో క్రషర్‌కు వెళ్ళే బెల్టు మీద మెటల్ డిటెక్టర్ పెట్టడం మామూలు. అయస్కాంతం పెడితే చాలదా అంటారేమో. యంత్రాల నుంచి ఊడిపడే మాంగనీస్ ఉక్కు ముక్క అయస్కాంతానికి అంటుకోదు. దాన్ని పట్టేది కాయిలే. ఇక సైన్స్ ఫెయిర్‌కు వెళ్ళే పిల్లలు ఎలాగూ ఉన్నారు.

గుప్త నిధుల కోసం అడిగేవాళ్ళూ ఉంటారు. వాళ్ళకో మాట చెప్పి ముందుకు పోతాను. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాగి ఉన్నది పది రూపాయల విలువ దాటితే దొరికినవాళ్ళు కలెక్టరుకు తెలియజేయాలి. రక్షిత కట్టడాల దగ్గర గునపం దించితే అది వేరే నేరం. పాత గుళ్ళ పునాదులు పెకలించేవాళ్ళకు నా దగ్గర ఏ చిట్కా లేదు.

ఇక కాయిల్ సంగతి. రాగి తీగ చుట్టలో ప్రవాహం మారుతుంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం మారుతుంది. దగ్గర్లో లోహం ఉంటే అందులో ఎడ్డీ కరెంట్లు పుట్టి తిరిగి కాయిల్‌ను కదిలిస్తాయి. మనకు కావలసింది ఆ కదలిక. అయితే అదే తీగకు విద్యుత్ క్షేత్రం కూడా ఉంటుంది. తీగ ఒక పలక, కింద నేల మరో పలక అయి మధ్యలో కెపాసిటర్ తయారవుతుంది. తెల్లవారుజామున మంచు పట్టిన కంది చేలో కాయిల్‌ను ఆకులకు ఆనించి ఊపండి. తడి ఆకు దగ్గరైనప్పుడల్లా ఆ కెపాసిటెన్స్ మారుతుంది, యంత్రం లోహం దొరికిందనుకుని కూస్తుంది. పక్కనే బోరు మోటారుకు వెళ్ళే కరెంటు తీగ ఉంటే దాని 50 హెర్ట్జ్ గోల కూడా ఈ దారినే వస్తుంది. అంటే మనం అయస్కాంత క్షేత్రాన్ని రానిచ్చి, విద్యుత్ క్షేత్రాన్ని మాత్రం ఆపాలి. మొదటి పూత పని అంతే. దాన్నే షీల్డు అంటాం. నీళ్ళనూ దెబ్బలనూ ఆపేది రెండో పూత. మొదటిది కరెంటును కాస్త పోనివ్వాలి, రెండోది అసలు పోనివ్వకూడదు. ఒకే డబ్బాతో రెండు పనులూ చేద్దామనుకుంటే రెండూ చెడతాయి.

షీల్డుకు అందరికీ తట్టేది వంటింట్లో రొట్టెలు చుట్టే అల్యూమినియం ఫాయిల్. లోహపు రేకు చుడితే అయస్కాంత క్షేత్రం కూడా ఆగిపోదా అన్న అనుమానం న్యాయమైనదే. ఇక్కడ లెక్క ముఖ్యం. 10 కిలోహెర్ట్జ్ దగ్గర అల్యూమినియంలో క్షేత్రం చొచ్చుకుపోయే లోతు సుమారు 0.8 మిల్లీమీటరు. వంటింటి ఫాయిల్ మందం మిల్లీమీటరులో వందో వంతుకు కాస్త అటూ ఇటూ. కాబట్టి అయస్కాంత క్షేత్రం దాన్ని పెద్దగా పట్టించుకోదు. ఫాయిల్ పనిచేస్తుంది. అయినా నేను ఫాయిల్ వాడమనను. అల్యూమినియానికి మామూలు సోల్డర్ పట్టదు. రాగి తీగను దానికి నొక్కి కట్టాల్సిందే. ఒక్క వానాకాలం తేమ తగిలితే రాగి, అల్యూమినియం కలిసిన చోట తుప్పు లేచి కనెక్షన్ ఉండీ లేనట్టవుతుంది. కాయిల్ దేనికైనా తగిలినప్పుడల్లా ముడతలు కదిలి చిటపటలు పుడతాయి. పల్స్ ఇండక్షన్ రకం డిటెక్టర్‌కైతే ఇంకో ఇబ్బంది ఉంది. ఆ యంత్రం కాయిల్‌లో కరెంటు ఆపేసి, సెకనులో లక్షో వంతు గడిచాక వినడం మొదలుపెడుతుంది. ఫాయిల్‌లో పుట్టిన ఎడ్డీ కరెంట్లు అప్పటికి పూర్తిగా చల్లారవు. సన్నటి ముక్కుపుడక లాంటి వస్తువు నుంచి వచ్చే జవాబు వాటి కింద మునిగిపోతుంది.

అందుకే గ్రాఫైట్ పూత. చూడ్డానికి బొగ్గు పూసినట్టుంటుంది, మెరుపు లేదు. కరెంటును పేలవంగా మోస్తుంది, మనకు ఆ పేలవత్వమే కావాలి. విద్యుత్ క్షేత్రాన్ని ఆపడానికి ఆ కొద్దిపాటి వాహకత సరిపోతుంది, ఎడ్డీ కరెంట్లు నిలవడానికి సరిపోదు. గ్రాఫైట్ పొడి తాళాలకు వేసేదైనా, పోతపని వాళ్ళు అచ్చులకు పూసేదైనా పరవాలేదు, మెత్తగా ఉండాలి. ఫర్నిచర్ పెయింటర్లు వాడే ఎన్‌సీ క్లియర్ లక్కర్‌ను థిన్నర్‌తో పలచన చేసి, అది పట్టినంత గ్రాఫైట్ కలపండి. కుంచె కదలడం కష్టమయ్యే ముందు ఆపండి. రెండు మూడు పూతలు వేసి, ఆరాక పాత నూలుగుడ్డతో రుద్దండి. రుద్దితే పొలుసులు ఒకదానికొకటి ఒత్తుకుని వాహకత పెరుగుతుంది. పూత ఈ చివర నుంచి ఆ చివరకు మల్టీమీటర్ పెడితే కొన్ని వందల ఓమ్‌ల నుంచి ఒకటి రెండు కిలోఓమ్‌ల మధ్య చూపించాలి. పదుల కిలోఓమ్‌లు చూపిస్తే పొడి తక్కువైనట్టు. గాలి ఆడే చోట, పొయ్యికీ బీడీకీ దూరంగా ఈ పని చేయండి, థిన్నర్ ఆవిరి మంటంటుకుంటుంది. గ్రాఫైట్ దుమ్ము సర్క్యూట్ బోర్డు మీద పడనివ్వకండి.

నల్లగా ఉన్న పొడల్లా గ్రాఫైట్ కాదు. పాత టార్చి సెల్లు పగలగొట్టి మధ్యలో కార్బన్ కడ్డీని నూరుకుంటే తప్పులేదు. దాని చుట్టూ ఉండే నల్ల ముద్దను మాత్రం ముట్టుకోకండి. అందులో మాంగనీస్ డయాక్సైడ్‌తో పాటు లవణాలు ఉంటాయి, రాగిని తినేస్తాయి. గచ్చులో కలిపే నల్ల ఆక్సైడ్ రంగు ఇంకా మోసం. అది ఇనుప ఆక్సైడ్, చాలావరకు మాగ్నటైట్. అంటే డిటెక్టర్ కాయిల్ చుట్టూ మీ చేత్తో మీరే అయస్కాంత ఖనిజం పూసినట్టు. నికెల్ కలిసిన పెయింటుదీ అదే తగువు. మామూలు నల్ల ఎనామిల్ పెయింటు కరెంటును మోయనే మోయదు. గేట్లకు వేసే వెండి రంగులో అల్యూమినియం పొలుసులు ఉన్నా, ఒక్కో పొలుసునూ జిగురు చుట్టేసి ఉంటుంది కాబట్టి మీటర్ ముల్లు కదలదు.

షీల్డు కాయిల్ చుట్టూ పూర్తిగా కలవకూడదు. మూసుకున్న గాజులా కాదు, నోరు తెరిచిన కడియంలా ఉండాలి. ఆ ఖాళీ సెంటీమీటరు చాలు. కలిసిపోతే అదే ఒక షార్ట్ అయిన చుట్టు అవుతుంది, గ్రాఫైట్‌లో నష్టం తక్కువే అయినా రేకులో అయితే కాయిల్ సగం చచ్చినట్టే. పూత పొడవునా కళాయి పూసిన సన్నటి రాగి తీగ ఒకటి పరిచి, దాని మీద మరో పూత వేసి, తీగ ఒక కొనను మాత్రం సర్క్యూట్ గ్రౌండుకు కలపండి. పూతకూ రాగి చుట్లకూ మధ్య రెండు మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. కరెంటు తీగలను కట్టగా కట్టే స్పైరల్ ప్లాస్టిక్ పట్టీ చుడితే ఆ ఎడం వస్తుంది. ఎడం లేకపోతే షీల్డే పెద్ద కెపాసిటర్ అయి కాయిల్‌ను మందకొడి చేస్తుంది.

షీల్డు ఆపలేనివి రెండు ఉన్నాయి, రెండూ వికారాబాద్‌లోనే ఉన్నాయి.

ఒకటి నేల. అనంతగిరి కొండల మీద, మూసీ పుట్టే చోట, నేల ఎర్రటి లాటరైట్. ఇనుప ఆక్సైడ్లు దండిగా ఉన్న మట్టి. వాటిలో కొన్ని కాయిల్ క్షేత్రానికి అయస్కాంతంలా స్పందిస్తాయి, పైగా కాస్త ఆలస్యంగా స్పందిస్తాయి. ఆ ఆలస్యాన్ని డిటెక్టర్ లోహం అనుకుంటుంది. దిగువన తాండూరులో నాపరాయి బండ మీద కాయిల్ ఊపితే దాదాపు నిశ్శబ్దం. సున్నపురాయిలో అంత ఇనుము లేదు. అక్కడి నల్లరేగడి ఈ రెంటికీ మధ్యది. పొడిగా ఉన్నప్పుడు ఒక తీరు, తడిస్తే ఒక తీరు. వికారాబాద్‌లో కూసి తాండూరులో ఊరుకున్న కాయిల్‌కు మళ్ళీ మళ్ళీ గ్రాఫైట్ పట్టించి లాభం లేదు. అది నేల జవాబును కొట్టేసే సర్దుబాటు, అంటే గ్రౌండ్ బ్యాలెన్స్, చూసుకోవాల్సిన విషయం. తప్పు కాయిల్‌ది కాకపోయినా నింద కాయిల్ మోయడం ఈ పరికరం పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. 1881 జులైలో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను కాల్చినప్పుడు, ఒంట్లో తూటా ఎక్కడుందో కనిపెట్టడానికి టెలిఫోన్ గ్రాహంబెల్ తన ఇండక్షన్ బ్యాలెన్స్ పట్టుకుని వెళ్ళాడు. పరుపులో ఉక్కు స్ప్రింగులున్నాయి. పెద్ద డాక్టరేమో తూటా కుడివైపే ఉందని పట్టుబట్టి అటే వెతకనిచ్చాడు, తూటా ఎడమవైపు ఉంది. సెప్టెంబరులో అధ్యక్షుడు చనిపోయాడు, పేరు చెడింది పరికరానికి.

రెండోది ఇంకా మొదలు కాలేదు. పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళం రాడార్ స్టేషన్‌కు 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. చెట్ల గురించి జరిగిన వాదన మీరు వినే ఉంటారు, నేను చెప్పేది ఆ స్టేషన్ వాడే తరంగాల గురించి. జనం నోట్లో రాడార్ అని పడింది గానీ, అది సముద్రంలో మునిగి ఉన్న జలాంతర్గాములకు కబురు పంపే వీఎల్ఎఫ్ ప్రసార కేంద్రం. తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర 1990 నుంచి నడుస్తున్న ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ తర్వాత దేశంలో ఇది రెండోది. వీఎల్ఎఫ్ అంటే 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ వరకు. మన డిటెక్టర్లలో ఎక్కువ రకాలు పనిచేసేదీ సరిగ్గా ఈ మేరలోనే. తక్కువ ఫ్రీక్వెన్సీ కాబట్టే అది ఉప్పునీళ్ళలోకి కొన్ని మీటర్లు చొచ్చుకుపోతుంది. మన ఫాయిల్‌లోంచి దూరిపోయేదీ అందుకే. రేపు ఆ కేంద్రం పలకడం మొదలుపెట్టాక దగ్గరి ఊళ్ళలో డిటెక్టర్ పట్టుకునేవాళ్ళకు అది వినిపిస్తే, ఎన్ని పూతలు పూసినా ఆగదు. వచ్చేది అయస్కాంత క్షేత్రం, మనం తలుపు తెరిచి ఉంచింది దానికే. మందు వేరే ఉంది. డిటెక్టర్ ఫ్రీక్వెన్సీని కాస్త పక్కకు జరపడం, లేదా వినే కాయిల్‌ను ఎనిమిది అంకె ఆకారంలో చుట్టడం. దూరం నుంచి వచ్చే క్షేత్రం రెండు సున్నాల్లోనూ సమానంగా పడి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది.

ఇక సీలు వేసే పూత. దీనికి పట్నం వెళ్ళక్కర్లేదు. తాండూరులోనైనా వికారాబాద్‌లోనైనా మోటారు వైండింగ్ షాపు మన బడి. అక్కడ రెండు రకాల తీగ ఉంటుంది. మామూలు మోటారుకు ఎనామిల్ పూత తీగ, నీళ్ళలో మునిగే బోరు మోటారుకు మందపాటి పాలీ తొడుగున్న తీగ. పల్స్ ఇండక్షన్ కాయిల్‌కు నేను బోరు తీగనే ఎంచుకుంటాను. తొడుగు మందంగా ఉంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడం పెరిగి కెపాసిటెన్స్ తగ్గుతుంది, నీళ్ళంటే భయమూ సగం తీరుతుంది. ఎనామిల్ తీగైతే చుట్లు కదలకుండా ముందు వార్నిష్ పట్టించాలి. అడిగేటప్పుడు గాలికి ఆరే వార్నిష్ అని గట్టిగా అడగండి. షాపుల్లో ఎక్కువగా ఉండేది ఓవెన్‌లో కాల్చే రకం. దాన్ని ఎండలో పెట్టి ఆరిందనుకుంటే లోపల జిగటగానే మిగులుతుంది.

కొవ్వొత్తి మైనం మీద నాకు మోజుంది. విద్యుత్ పరంగా దానంత మంచి సరుకు తక్కువ, తేమను దగ్గరికి రానివ్వదు. కానీ 50, 60 డిగ్రీలకు మెత్తబడుతుంది. మే నెలలో తాండూరు బండల వాకిట్లో పెట్టిన నల్ల కాయిల్ ఆ వేడిని అందుకోగలదు. తారు కూడా అంతే, పైగా బరువు. వడ్రంగులు స్పిరిట్‌లో కరిగించే లక్క ఒకప్పుడు కరెంటు పనుల్లో రారాజు, నీళ్ళు తగిలితే తెల్లబారి పెచ్చులూడుతుంది. కిటికీలకు పెట్టే సిలికాన్ ట్యూబు నొక్కగానే వెనిగర్ వాసన వస్తే అక్కడే మూత పెట్టేయండి. ఆ ఆమ్లం రాగి కొసలను పచ్చగా చేసి తింటుంది. వాసన లేని న్యూట్రల్ రకం వేరే దొరుకుతుంది, అది కేబుల్ లోపలికి దూరే చోట పెట్టడానికి బాగుంటుంది.

మిగిలింది ఎపాక్సీ. చిన్న కాయిల్‌కు అరాల్డైట్, కేబుల్ మెడ దగ్గర ఎం-సీల్, పెద్ద కాయిల్‌ను పూర్తిగా ముంచడానికి పలచటి ఎపాక్సీ రెజిన్. ఫైబర్ పనివాళ్ళ దగ్గర చవగ్గా దొరికే పాలిస్టర్ రెజిన్ కూడా చూస్తే అలాగే ఉంటుంది. అది గట్టిపడేటప్పుడు ఎక్కువ ముడుచుకుని తీగను లాగుతుంది. బరువు తగ్గించడానికి లోపల థర్మోకోల్ పెడితే పాలిస్టర్‌లోని స్టైరీన్ దాన్ని కరిగించేస్తుంది, ఎపాక్సీ కరిగించదు. మనం షీల్డుకు వాడిన థిన్నర్ కూడా థర్మోకోల్‌ను కరిగిస్తుంది కనుక, ముందు టేపు చుట్టి ఆ తర్వాతే గ్రాఫైట్ పూయాలి.

ఎపాక్సీకి మన వాతావరణమే పెద్ద పరీక్ష. ఎండాకాలంలో పది డిగ్రీలు పెరిగితే అది గట్టిపడే వేగం దాదాపు రెట్టింపవుతుంది. గిన్నెలో కలిపింది కలిపినట్టే పొగలు కక్కుతూ రాయి అయిపోతుంది. అందుకని ఒకేసారి నింపకుండా పొరలు పొరలుగా పోయాలి. వానాకాలంలో హార్డెనర్ గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలిసి పైన జిడ్డు పొర కడుతుంది, దాని మీద మరో పొర పట్టదు. వికారాబాద్ చలికాలం, పొద్దెక్కాక, ఈ పనికి మంచి వేళ. రెజిన్, హార్డెనర్ పాళ్ళు తూకం వేసి కలపండి. త్వరగా ఆరుతుందని హార్డెనర్ ఎక్కువ పోసేవాళ్ళకు ఎప్పటికీ ఆరని కాయిల్ దక్కుతుంది. చేతికి తొడుగులు వేసుకోండి, కొందరికి హార్డెనర్ పడక చర్మం మీద దద్దుర్లు లేస్తాయి.

గట్టిపడ్డ ఎపాక్సీ ఎండకు పచ్చబడి సుద్దలా రాలుతుంది కాబట్టి దాని మీద పీయూ పెయింటు ఒక పూత. రంగు తెలుపు. బజారులో దొరికే డిటెక్టర్లు నల్లగా ఉన్నాయని నలుపు వేసేవాళ్ళుంటారు. వాటి సంగతి నాకు తెలియదు గానీ, 20 డిగ్రీల ఉదయం నుంచి 40 డిగ్రీల మధ్యాహ్నానికి రాగి నిరోధకత నూటికి ఎనిమిది దాకా పెరుగుతుంది. తెలుపైతే ఆ మార్పు నెమ్మదిగా వస్తుంది, మనకు అదే మంచిది.

రెండు పరీక్షలు చెప్పి ముగిస్తాను. షీల్డు పూత ఆరాక, సీలు వేయకముందు, తడి తువ్వాలు ఒకటి కాయిల్ మీద వేసి తీయండి. ఒంటి మీద ఉంగరాలు, గాజులు లేనివాళ్ళు చేత్తో కూడా తాకండి. శబ్దం మారితే గ్రాఫైట్ ఎక్కడో తెగింది, లేదా గ్రౌండు తీగ ఊడింది. ఎపాక్సీ పోశాక ఇక దాన్ని వెతకలేరు కాబట్టి ఈ పరీక్ష ముందే. సీలు పడ్డాక కాయిల్‌ను రాత్రంతా బకెట్ నీళ్ళలో ముంచి, షీల్డు తీగకూ కాయిల్ తీగకూ మధ్య మీటర్ పెట్టండి. ముంచకముందు అనంతం చూపించి, పొద్దున ఏదో ఒక అంకె చూపిస్తే నీరు దిగింది. దిగేది చాలావరకు కేబుల్ మెడ దగ్గరే.

చివరి పొర పోసే ముందు చిన్న కాగితం ముక్క మీద కాయిల్ ఇండక్టెన్స్, నిరోధకత, తీగ గేజి, చుట్ల సంఖ్య, ఫ్రీక్వెన్సీ రాసి రెజిన్ కింద పెట్టండి, పీయూ పూతను ఆ కాగితం మీదికి రానివ్వకండి. ఇంకుతో వద్దు, పెన్సిల్‌తో రాయండి. రెండేళ్ళ తర్వాత సర్క్యూట్ మార్చాలనుకున్నప్పుడు ఆ వివరాలు కాయిల్ మీదే ఉంటాయి.